గడ్డిరంగు చీర

“నా చీర యాడ వదినా?”

“దండెం మీద ఆరతా ఉంది. కళ్లు లేవా?”

“అది నాది కాదు. నాది తెల్లచీర.”

“నిన్నటిదాకా తెల్లది. అంచు చూడు, నీదో కాదో తెలుస్తది.”

దగ్గరికి వెళ్లి అంచు పట్టుకుని చూశాను. సన్నటి పచ్చ అంచు. నాదే. పెళ్లికీ పేరంటానికీ తప్ప పెట్టెలో నుంచి బయటికి తీయని వెంకటగిరి నూలుచీర. ఎండిన గడ్డివాము రంగులో మైపాడు గాలికి ఊగుతోంది.

“ఏం చేసినావు దీన్ని?”

“తుమ్మచెక్క నీళ్లలో ముంచినా. నా చీరలన్నీ ముంచినాక కాగులో ఇంకా నీళ్లు మిగిలినాయి. అంత మంట పెట్టి కాచిన నీళ్లు పారబొయ్యడమెందుకని నీది కూడా ఏసినా. ఏదీ వృథా చెయ్యగూడదని నువ్వే గదా అంటావు?”

“నన్ను అడగొద్దా?”

“అడిగితే వద్దంటావు.”

“వద్దనే అంటా! నేనేమన్నా అడివికి పోతుండానా?”

“పోతుండావు. నువ్వూ నేనూ మనవరాలూ, ముగ్గురం పోతుండాం. ఆఫ్రికా అడివిలో తెల్లచీర కట్టుకోని నిలబడు, సింహం మొదట నిన్నే పలకరిస్తది.”

“రానని నీకు ఎన్నితూర్లు చెప్పాల?”

“చెప్పు, చెప్పు. ఈ చీర కోవూరులో కట్టుకోని తిరగలేవు. పారెయ్యనూ లేవు, నీ సంగతి నాకు తెలవదా? ఇంక దీన్ని కట్టుకోవాలంటే ఒకటే చోటు ఉండాది. చూద్దాం.”

ఆ మాట అని ఆమె అరచెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని, నా తల మీదుగా సముద్రం వైపు చూసింది. నాతో పోట్లాట అయిపోయిందని దానర్థం. నాకు కాలేదు. తడి చీరే మడిచి సంచిలో కుక్కుకుని, అన్నం తినకుండా బస్సెక్కాను.

ఆమె నా కూతురి అత్తగారు. నాకు వియ్యంకురాలు. పేరు రాయను. బతికుండగా వదినా అనే పిలిచాను, ఇప్పుడు పేరుతో పనేముంది? మాది కోవూరు, వరి పండించుకునే ఇల్లు. వాళ్లది మైపాడు, సముద్రం మీద బతికే ఇల్లు. పిల్లలిద్దరూ నెల్లూరులో చదువుకునే రోజుల్లో ఒకరినొకరు ఇష్టపడ్డారు, పెళ్లి చేశాం. పెళ్లిపందిట్లో ఆమె నాతో అన్న మొదటి మాట, “మీ ఇంట్లో బియ్యం, మా ఇంట్లో చేప. ఇంకేం కావాల వదినా?” అని. చింతపండూ నూనే ఎవరిస్తారని అడిగాను. పందిరి అదిరేలా నవ్వింది. నేను నవ్వడానికి అడగలేదు. అప్పటి నుంచీ మా ఇద్దరి వరస అదే. ఆమె ఒకటి తలపెడుతుంది, నేను దాంట్లో తక్కువేముందో చెబుతాను.

ఆమెను తలుచుకుంటే నాకు మొదట కనపడేది ఆ చెయ్యే. ఎండలోనే కాదు, ఇంట్లో కూడా నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. అన్నం వడ్డిస్తూ పెట్టుకునేది. ఎదుటి మనిషితో మాట్లాడుతూ వాళ్ల తల మీదుగా చూసేది. కొత్తవాళ్లు వెనక ఎవరొచ్చారో అని తిరిగి చూసుకునేవాళ్లు. పెళ్లయిన నాటి నుంచీ గట్టున నిలబడి పడవ కోసం చూసిన అలవాటది. పడవ రావడం ఆలస్యమైతే తక్కిన ఆడవాళ్లు ఏడుపు అందుకునేవాళ్లట. ఈమె మాత్రం ఏడవకుండా, “కనపడిందాకా చూద్దాం” అనేదట. ఆమె పెనిమిటి ప్రతిసారీ కనపడ్డాడు. సముద్రం మీదే ముసలివాడై, చివరికి ఇంట్లో మంచం మీద షుగరుతో పోయాడు. “సముద్రం వదిలిపెట్టింది, జిలేబీ వదల్లా” అని చెప్పుకునేది ఆమె.

ఆ మాట పడవలకే కాదు, అన్నిటికీ వాడేది. గ్యాసుబండ రాకపోయినా, కరెంటు పోయినా, పిల్లల పరీక్ష ఫలితాలు రావాల్సి ఉన్నా అదే మాట. నా కూతురి మొదటి కాన్పుకు నెల్లూరు ఆసుపత్రిలో ఇద్దరం బల్ల మీద కూర్చున్నాం. బిడ్డ అడ్డం తిరిగిందన్నారు. నేను తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుతున్నాను. ఆమె మాత్రం కాన్పుగది తలుపు వైపు నుదుటికి చెయ్యి పెట్టుకుని చూస్తూ కూర్చుంది. నర్సులు నవ్వుకుంటూ పోతున్నారు.

“కనపడిందాకా చూద్దాం వదినా.”

“కనపడకపోతే?” అన్నాను, ఒళ్లు మండి.

“ఇంకాసేపు చూద్దాం.”

అట్లా కనపడిన పిల్లే హారిక. మా ఇద్దరికీ మనవరాలు, నన్ను అమ్మమ్మా అనీ ఆమెను నాయనమ్మా అనీ పిలుస్తూ రెండిళ్లలో పెరిగింది. కోవూరులో నా దగ్గర లెక్కలు నేర్చుకుంది. మైపాడులో నాయనమ్మ పక్కన కూర్చుని టీవీలో అడవి జంతువులను చూడటం నేర్చుకుంది.

టీవీ చూడటంలో కూడా ఆమెది ఒక పద్ధతి. మాటలు వినపడకుండా నొక్కేసి, బొమ్మలకు తనే మాటలు చెప్పేది. ఏనుగులను చూసి, “ముసిలామె ముందు నడస్తా ఉంది చూడు, కోడళ్లు ఎనకాల సణుగుతుండారు” అనేది. అన్నిట్లోకీ ఆమెకు ఇష్టమైనవి ఒకరకం అడవిగొడ్లు. ఎనుము కొమ్ములు, గుర్రం తోక, మేక గడ్డం. వాటి పేరు ఇంగ్లీషులో ఏదో ఉంది, ఆమె మాత్రం గడ్డంగొడ్లు అనేది. కెన్యా దేశంలో మసాయి మారా అనే అడవిలో, వానల వెంట గడ్డి వెతుక్కుంటూ అవి మందలు మందలుగా వచ్చి ఒక ఏటి గట్టున ఆగిపోతాయి. ఏట్లో మొసళ్లు ఉంటాయి. ఒకటీ దిగదు. తోసుకుంటాయి, అరుస్తాయి, వెనక్కి పోతాయి, మళ్లీ వస్తాయి. ఎప్పటికో ఒకటి దూకుతుంది. అది దూకిందంటే ఇంక అన్నీ దూకుతాయి.

అది వచ్చినప్పుడల్లా ఆమె కుర్చీలో కూర్చోలేకపోయేది. లేచి టీవీ ముందర నిలబడి, “దిగు, దిగు. అయ్యో, ఎనక్కి పోయిందే!” అని ఇల్లంతా వినపడేటట్టు అరిచేది. చిన్నప్పుడు హారిక అడిగింది, “మొసళ్లుండాయని తెలుసు గదా నాయనమ్మా, ఎందుకు దిగతాయి?” అని.

“అవతల గడ్డి ఉంది గదమ్మా. మీ తాత తెలిసే గదా సముద్రం మీదికి పోయింది.” తర్వాత అంది, “మొదట దిగతదే, దాని మొహం చూడాలని ఉంది నాకు. ఈ టీవీవోడు చూపించడు. వాడి చూపంతా మొసలి మీదే.”

పిల్ల ఆ మాట మరిచిపోలేదు. పెద్దదై, సముద్రం ఒడ్డున రొయ్యపిల్లల హేచరీలో ల్యాబు పనిలో కుదురుకున్నాక, ఒక ఆదివారం మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. “వచ్చే ఆగస్టులో పోదాం. మొదట దిగేదాన్ని దగ్గర నుంచే చూపిస్తా.”

“నేను రాను” అన్నాను.

“మూటా ముల్లే ఎప్పుడు సర్దాల?” అంది ఆమె.

ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం మైపాడులో అదే పని. హారిక ఫోను మంచం మీద పెట్టి, సఫారీలు నడిపేవాళ్లతో మాట్లాడేది. ఆమె పక్కన కూర్చుని అందరినీ ఒకటే అడిగేది: “గొడ్లు ఏరు దాటేది ఏ రోజు నాయనా?” ఒకాయన గట్టిగా చెప్పాడు, మేం తీసుకుపోయిన రోజున దాటి తీరతాయి, గ్యారంటీ అని. ఆమె ఫోను కట్ చేయించింది. “వలెయ్యకముందే చేప గ్యారంటీ అనేవాడి పడవ నేనెక్కను.” ఇంకొకాయన, చెప్పలేనమ్మా, ఒక్కోసారి పొద్దున నుంచి సాయంత్రం దాకా గట్టునే నిలబడి వెనక్కి పోతాయి, మీ అదృష్టం అన్నాడు. ఆమె మొహం వెలిగిపోయింది. “ఈడితో పోదాం. ఈడికి తెలుసు.”

నేను రానని చెబుతూనే ఆ ఆదివారాలన్నీ వెళ్లాను. పోకుంటే ఇద్దరూ కలిసి ఎక్కడ మోసపోతారో అని. పాస్‌పోర్టుకు కూడా ఒప్పుకున్నాను, ఎక్కడైనా గుర్తింపు కార్డుగా పనికొస్తుందని. ఫొటో తీసే కుర్రవాడు చెయ్యి కిందికి దించమ్మా అని ఆమెను బతిమాలుకోవాల్సి వచ్చింది. దించిన చెయ్యి క్లిక్కుమనే లోపల మళ్లీ నుదుటికి పోయేది. చివరికి ఆ చెయ్యి నేను పట్టుకుని కూర్చున్నాను. ఆ ఫొటోలో ఆమె నవ్వుతూ ఉన్నట్టుంటుంది. నేను వేలు నొక్కిపెట్టినందుకు.

ఒకసారి హారిక చెప్పింది, ఆ దేశంలోకి ప్లాస్టిక్ కవర్లు తీసుకుపోనివ్వరని. నాకు నచ్చలేదు. మా ఇంట్లో పరుపు కింద పరిచిన కవర్లు ఉన్నాయి, ఉతికి, ఆరబెట్టి, మడిచి పెట్టినవి. ప్రయాణానికి అంతకంటే పనికొచ్చేది ఏముంది?

“కవర్లు పారేసేవాళ్లను ఆపాల గానీ, దాచిపెట్టుకునేవాళ్లను ఆపేదేంది?” అన్నాను.

“నువ్వు రావడంలా గదా వదినా, నీ కవర్లకేం బాధ?”

“మీకోసమే చెప్తుండా.”

“సరే, అయితే గుడ్డసంచులు కుట్టు.”

కుట్టాను. పాత పంచెలతో, ఊరగాయ సీసాకొకటి, మాత్రలకొకటి, తడిగుడ్డలకొకటి. ఎవరి ప్రయాణమైతేనేం, పని సరిగా ఉండాలి కదా. ఆమె ప్రతి సంచీ అటూఇటూ తిప్పి చూసి, తాడు లాగి చూసి, “రానిదానికి ఇంత గట్టి కుట్టెందుకు?” అంది.

అయితే వీటన్నిటికంటే నాకు గుర్తుండిపోయింది ఆటో సఫారీ.

అక్కడ పొద్దున పోయి జీపులో కూర్చుంటే మధ్యాహ్నం దాకా కదలకుండా, మాట్లాడకుండా కూర్చోవాలట. “మనకు కూర్చోవడం రాదు వదినా, నేర్చుకోవాల” అంది ఆమె. పక్కింటి అబ్బాయి ఆటో మాట్లాడింది. ఇంకా తెల్లవారకముందే నన్ను లేపి, హారికను లేపి, ముగ్గురినీ ఎక్కించింది. సముద్రం పక్కగా ఇసుకబాటలో, సరుగుడు తోపుల వెంట మెల్లగా పోనివ్వమంది. హారను కొట్టొద్దు, బీడీ కాల్చొద్దు, దగ్గొద్దు. ఆటో అబ్బాయి, “ఏం వెతకాల పెద్దమ్మా?” అని అడిగాడు.

“ఏదైనా.”

“ఏదైనా అంటే?”

“కనపడిందే.”

తోపు చివర ఆపించింది. కూర్చున్నాం. సముద్రం మీద వెలుగు వస్తోంది. పీతలు బొరియల్లో నుంచి వచ్చి మమ్మల్ని చూసి మళ్లీ లోపలికి పోతున్నాయి. నాకు నడుం నొప్పి. ఇంట్లో పని గుర్తొస్తోంది. మాట్లాడబోతే ఆమె నా మోకాలి మీద గిల్లింది. ఎంతసేపో తెలియదు. అప్పుడు సరుగుడు చెట్ల మధ్య ఇసుక కదిలినట్టయింది. మొదట చూసింది నేనే, ఈ మాట ఎవరు అడిగినా చెబుతాను. నక్క. సన్నగా, తడిసిన మూతితో. ఒక అడుగు వేసి ఆగింది. ఇంకో అడుగు వేసింది. నేను చెప్పకుండా ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె చూసింది.

కోళ్లను కాపాడుకోవడానికి ఊరంతా కర్రలతో నక్కలను తరమడం చూసినదాన్ని నేను. నక్కను కూర్చుని చూడటం అదే మొదలు. దాని చెవి ఒకటి చిరిగి ఉంది. అది మమ్మల్ని చూసి ఏదో ఆలోచిస్తోంది. ముందుకు రావాలా, వద్దా అని.

“రా తల్లీ, రా” అని ఆమె పెదవులతోనే అంటోంది.

అప్పుడు గాలి లేచి నా తెల్లచీర కొంగు ఆటోలో నుంచి బయటికి ఎగిరింది. నక్క ఒక్క దూకు దూకి తోపులో కలిసిపోయింది.

“నీ చీర!” అని ఆమె ఆటో దద్దరిల్లేలా అరిచింది. “నీ తెల్లచీర కాల్చా!”

“నక్కను చూడటానికి బాడుగకు ఆటో కట్టించుకున్న ఆడమనిషిని నేను నిన్నే చూసినా.”

“నేను కూడా, నక్కను చూసి నా చెయ్యి పట్టుకున్న మనిషిని నిన్నే చూసినా.”

ఆటో అబ్బాయి నవ్వి నవ్వి స్టార్టు చేయలేకపోయాడు. దారి పొడుగునా ఇద్దరం తిట్టుకుంటూనే ఇంటికొచ్చాం. హారిక మధ్యలో కూర్చుని ఒకసారి ఆమె భుజం మీద, ఒకసారి నా భుజం మీద తల పెట్టుకుంది.

ఆ చీర సంగతి అక్కడ మొదలైంది. అడవిలో తెలుపు వద్దు, నలుపూ ముదురు నీలమూ వద్దు, వాటికి కుట్టే ఈగలు వస్తాయి, మట్టిరంగూ గడ్డిరంగూ మంచిదని హారిక చెప్పింది. దుకాణంలో ఖాకీ ప్యాంటూ చొక్కా చూపించింది. “నేను పోలీసునా?” అంది ఆమె. పెరట్లో మూలపడి ఉన్న పెద్ద కాగు తోమింది. వాళ్లమ్మ కాలంలో వలలు నూలువి. ఉప్పునీళ్లకు కుళ్లిపోకుండా తుమ్మ బెరడు ఉడకబెట్టి, ఆ నీళ్లలో వలలు ముంచి ఆరేసేవాళ్లు. నైలాను వలలొచ్చాక ఆ పని పోయింది. ఆమె చేతికి మాత్రం గుర్తుంది. బెరడు ఎంత ఉడకాలో నీళ్ల వాసన చూసి చెప్పేది. వలలు ముంచిన కాగులో చీరలు ముంచింది, ముందురోజు అక్కడ ఒక పేరంటానికి కట్టుకుని, రాత్రి నేను ఉతికి ఆరేసుకున్న నా చీరతో సహా.

అదే ముందు రాసిన పోట్లాట.

ఇంటికొచ్చి సబ్బు పెట్టి ఉతికాను, నానబెట్టి ఉతికాను, బండకేసి బాదాను. నీళ్లు తేటగా పోతున్నాయి గానీ చీర తెల్లబడదు. దుకాణంలో కొన్న రంగుగుడ్డ మొదటి ఉతుకుకే సగం వదిలేస్తుంది. ఇది చుక్క దిగలేదు. కోపంలో కూడా ఆ సంగతి గమనించకుండా ఉండలేకపోయాను.

మరునాడే ఆమె మైపాడు నుంచి రెండు బస్సులు మారి, నెత్తళ్ల చేపల గిన్నె పట్టుకుని వచ్చింది. గడప దగ్గరే ఆగి, చెయ్యి నుదుటికి పెట్టుకుని అడిగింది.

“రంగు పోయిందా?”

“పోలా.”

“పోదు.”

గిన్నె అందుకున్నాను. పులుసు నేను పెట్టాను, ఉప్పు చాల్లేదని ఆమె అంది. చీర ఎక్కడ అని ఇల్లంతా వెతికి, కొట్టుగదిలో విత్తనపు వడ్లబస్తాల మీద కప్పి ఉండటం చూసింది. “సింహానికి కనపడకుండా వడ్లు దాచినావా వదినా!” అని కడుపు పట్టుకుని నవ్వింది. చీర మీద చెయ్యి వేసి ముడతలు సరిచేసింది. “దాని పని ఇది కాదు” అంది. పొద్దు ఉండగానే బస్సెక్కి పోయింది.

తర్వాత కొద్దిరోజులకే, ఒక మధ్యాహ్నం, పంచలో సముద్రం వైపు వేసుకున్న మంచం మీద పోయింది. చెయ్యి నుదుటి మీదే ఉందట. దాంతో దారిన పోయేవాళ్లంతా ఆమె చూస్తోందనే అనుకున్నారట.

కర్మకాండలు ముగిశాయి. ఆదివారాలు మైపాడు పోవడం మానేశాను. వాన మొదలైంది, నారుమళ్ల పని వచ్చింది. ఒక సాయంత్రం హారిక స్కూటరు మీద కోవూరు వచ్చింది. హెల్మెట్టు కూడా తీయకుండా గడప మీద కూర్చుంది.

“రేపు మద్రాసులో ఎల్లో ఫీవరు సూది, పచ్చజ్వరానికి వేసేది అమ్మమ్మా. ఆ దేశం పోవాలంటే వేసుకోవాల. నాయనమ్మకూ నాకూ రాయించిన రోజు రేపే. నేను పోవడంలా. ట్రిప్పు కూడా వద్దని రేపు చెప్పేస్తా.”

“ఎందుకు?”

“ఎందుకేంది? ఆమె లేకుండా నేనేం చూడాల?”

“ఆమె చూడాలనుకున్నదే చూడు.”

“ఆ ఏటి గట్టున ఒక్కదాన్నే నిలబడితే ఆమే గుర్తొస్తది.”

“రానీ.”

“నువ్వు ఎన్నైనా చెప్తావు! ఒక్కరోజన్నా వస్తానన్నావా నువ్వు? కవర్లనీ నడుమనీ ఏదో ఒకటి అడ్డం పెట్టినావు. ఆమె చోటు అట్టనే ఖాళీగా ఉంది, పేరు మార్చుకోవచ్చన్నారు సఫారీవాళ్లు. ఎవురి పేరని రాయాల నేను?”

“అరవమాకు. హెల్మెట్టు తీసి లోపలికి రా.”

“ట్రిప్పుకు పోను. ఇంక దాని ఊసెత్తమాక అమ్మమ్మా.”

“ఆమె నీకు ఇదే నేర్పిందా? గట్టు దాకా వచ్చి ఎనక్కి తిరగమని?”

అప్పుడే జల్లు మొదలైంది. కొట్టుగది కప్పు ఒకచోట కారుతుంది. ఇద్దరం లేచి వడ్లబస్తాలు ఇవతలికి లాగాం. బస్తాల మీది చీర తీసి హారిక చేతిలో పెట్టాను. పిల్ల దాన్ని మొహానికి ఆనించుకుని అట్లాగే నిలబడిపోయింది. ఆ బెరడు వాసన ఇంకా ఉంది దాంట్లో.

“దుమ్ము ముక్కులోకి పోతుంది, ఇటియ్యి” అన్నాను.

పంచలోకి తెచ్చి విప్పి చూశాను. ఎక్కడా చిరుగు లేదు. అంచు పచ్చగా, అట్లాగే ఉంది. మంచి నూలు, ఇంకా ఎన్నో ఏళ్లు వస్తుంది. కోవూరులో ఏ పెళ్లికి కట్టుకుపోయినా, వడ్లబస్తా చుట్టుకొచ్చావా అంటారు. పారేయడమా, నా చేత కాదు. మళ్లీ బస్తాల మీద కప్పుదామని రెండుసార్లు మడిచి, రెండుసార్లు విప్పాను. ఇంత రంగు పట్టించి, దాని పని దాన్ని చేయనివ్వకపోవడం వృథా. వృథా అనేది నాకు పడదు. ఆమె ఆ రోజు ఏమనిందో నేను మరిచిపోలేదు. ఆమే గెలిచిందని మాత్రం ఒప్పుకోను.

చీర ఉతికి పంచలో ఆరేశాను. హారికకు అన్నం పెట్టాను. తిని, నా పక్కనే చాప వేసుకుని పడుకుంది.

మరునాడు పొద్దున వాన లేదు. స్నానం చేసి, గడ్డిరంగు చీర కట్టుకుని, నేను కుట్టిన సంచుల్లో ఒకదాంట్లో పాస్‌పోర్టు పెట్టుకుని హారికను లేపాను. పిల్ల నన్ను చూసింది. చీర చూసింది. లేచి కూర్చుని ఏడ్చింది. ఏడవనిచ్చి, మద్రాసు రైలు తప్పిపోతుందని చెప్పాను. స్కూటరు మీద పెన్న దాటి స్టేషనుకు పోయాం. దారిలో ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు.

మద్రాసులో సూది వేసేచోట వదిన పేరు కొట్టేసి, పాస్‌పోర్టు చూసి, దాని పక్కన నా పేరు రాసుకున్నారు. అరవై దాటినవాళ్లకు ఊరికే వేయరట. పెద్ద డాక్టరు బీపీ చూశాడు, గుండె చూశాడు, మింగే మాత్రలన్నీ అడిగాడు. తమిళం కలిసిన తెలుగులో, “ఈ వయసులో అంత దూరం ఏం చూడాలమ్మా?” అన్నాడు.

“గొడ్లు ఏరు దాటతాయి. మొదట దిగేదాని మొహం చూడాల.”

“మీరు పోయినప్పుడు దిగకపోతే?”

“ఇంకాసేపు చూస్తాం” అన్నాను.

ఆయన బీపీ ఇంకోసారి చూసి, కాగితం మీద సంతకం చేశాడు. సూది నాకు మొదట వేశారు. హారికకు తర్వాత వేశారు.